పలుచబడిన జుట్టు ఒత్తుగా కనిపించాలంటే: టెక్స్చర్ కట్, కుదుళ్ళ రంగు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చివచ్చిన వారిని చూసి, గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందని మన ఇళ్ళలో పెద్దలు అంటుంటారు. క్షురకుని కత్తి కుదురు దాకా పోదు కాబట్టి దానివల్ల కుదుళ్ళ సంఖ్య పెరగదు, వెంట్రుక మందమూ మారదు. అయినా ఆ మాట ఊరికే పుట్టలేదు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నబడి ఉంటుంది. కత్తి పడినచోట మాత్రం అది మొద్దుగా, నిండు మందంతో మిగులుతుంది. పైగా పొట్టి వెంట్రుకకు బరువుండదు కనుక తలకు అంటుకోకుండా నిలబడుతుంది. ఈ రెండు కారణాలవల్ల ఉన్న జుట్టే ఎక్కువగా కనిపిస్తుంది. సెలూన్లలో టెక్స్చర్ కట్ పేరుతో చేసే పనికి ఆధారం కూడా ఇదే: లోపల కొన్ని వెంట్రుకలను పొట్టిగా చేసి, పైనున్న పొడవాటి వెంట్రుకలను అవి ఎత్తిపట్టేలా చూడటం. దానికి కుదుళ్ళ దగ్గర రంగు సరిదిద్దడం కూడా తోడైతే పాపిట వెడల్పు తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ రెండు పనులనూ ఒకే రోజు చేయించుకోదలచినవారు సెలూన్‌కు వెళ్ళే ముందు తెలుసుకోవలసినవీ, కుర్చీలో కూర్చున్నాక అడగవలసినవీ, ఇంటికి వచ్చాక చేయవలసినవీ ఇక్కడ చెబుతాను.

ముందుగా లేయర్స్, టెక్స్చర్ అనే రెండు మాటలను విడదీసుకోవాలి. పై జుట్టు పొట్టిగా, కింది జుట్టు పొడవుగా ఉండేలా పొరలు పొరలుగా కత్తిరించడం లేయర్స్. ఆ పొరలు మెట్లలా స్పష్టంగా కనిపిస్తే దాన్నే స్టెప్ కట్ అంటారు. మొత్తం పొడవును అలాగే ఉంచి, కొసల్లోనూ లోపలి పాయల్లోనూ బరువు తగ్గించడం టెక్స్చరైజింగ్. కత్తెరను అడ్డంగా కాక దాదాపు నిలువుగా పట్టి కొసల్లో చిన్న చిన్న గాట్లు పెట్టడాన్ని పాయింట్ కటింగ్ అంటారు. తెరిచిన కత్తెరను పాయ వెంట కిందికి జార్చడం స్లైడ్ కటింగ్. ఒక అంచు దువ్వెన పళ్ళలా ఉండే కత్తెరతో, నొక్కిన ప్రతిసారీ కొన్ని వెంట్రుకలను వదిలి కొన్నిటిని తీసివేయడం థిన్నింగ్. వీటికి తోడు రేజర్ ఒకటి ఉంది. పాయింట్ కటింగ్‌లో కొంచెం కొంచెంగా పని జరుగుతుంది కనుక తప్పు జరిగినా సర్దుకోవచ్చు. థిన్నింగ్ కత్తెర పని త్వరగా తెమలుస్తుంది. దానివల్ల జరిగే నష్టం కూడా అంతే త్వరగా జరుగుతుంది.

ఇక మీ జుట్టు ఏ రకమో చూసుకోవాలి. ఇక్కడ తెలుగులో చక్కటి తేడా ఒకటి ఉంది: వెంట్రుక సన్నగా ఉండటం వేరు, జుట్టు పలుచగా ఉండటం వేరు. రాలిన ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దండి. ఏమీ ఉన్నట్టు తగలకపోతే వెంట్రుక సన్ననిది. దారంలా స్పష్టంగా తగిలితే మందమైనది. తర్వాత కిటికీ దగ్గర పగటి వెలుతురులో తడిలేని జుట్టుకు నడిపాపిట తీసి, నడినెత్తినీ పాపిట మొదలునూ ఫోటో తీయించుకోండి. పాపిట సన్నని గీతలా ఉంటే జుట్టు దట్టంగా ఉన్నట్టు. వేలెడు వెడల్పున మాడు కనిపిస్తే పలుచబడినట్టు. సన్నని వెంట్రుకలు లక్షకు పైగా ఉన్న తల దట్టంగానే ఉండవచ్చు, మందమైన వెంట్రుకలు తక్కువగా ఉన్న తల పలుచగానూ ఉండవచ్చు. కత్తిరింపు ఈ రెండు సంగతులనుబట్టే మారాలి. ఫోటో సెలూన్‌లో కూడా పనికివస్తుంది, ఎందుకంటే అక్కడి దీపాల వెలుతురులో పాపిట సరిగా కనిపించదు.

ఇక్కడ ఒక మాట. ప్రసవం తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు, టైఫాయిడ్ లేదా డెంగీ వంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మామూలే. చాలామందికి అది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. జ్వరం, ప్రసవం వంటి కారణమేదీ లేకుండా రోజుకు వందకు మించి రాలుతున్నా, మాడు మీద అక్కడక్కడా గుండ్రంగా ఖాళీలు కనిపించినా సెలూన్ కంటే ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళి, వారు చెబితే థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించుకోవాలి. రాలే జుట్టును కత్తెర ఆపలేదు.

వెంట్రుక సన్ననిదీ జుట్టు పలుచనిదీ అయినవారికి టెక్స్చర్ కట్ చాలా తక్కువ మోతాదులో పనిచేస్తుంది. వీరి జుట్టులో ఉన్న నిండుదనమంతా అడుగు అంచులోనే ఉంటుంది. ఆ అంచును చెదరగొడితే కొసలు ఎలుకతోకల్లా మిగిలి, వెనకనున్న చీర రంగు వాటి సందుల్లోంచి కనిపిస్తుంది. అందువల్ల అడుగు అంచును ఒకే గీతలో మొద్దుగా ఉంచి, నడినెత్తి దగ్గర మాత్రం రెండు మూడు పొడవైన లేయర్స్ పెట్టించి, వాటి కొసల్లో కొద్దిగా పాయింట్ కటింగ్ చేయించుకోవడం మేలు. పొడవు తగ్గించుకోవడానికి మనసొప్పితే భుజాల వరకు తేవడం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. నడుము దాటిన జడ మీద మనకున్న మమకారం నాకు తెలుసు గాని, పిడికెడు జుట్టును బారెడు పొడవున సాగదీస్తే ఆ బరువంతా పడేది కుదుళ్ళ మీదే.

జుట్టు దట్టంగా ఉండి, వెంట్రుక మందంగా ఉండి, అయినా నెత్తికి అంటుకుపోయి కింద మాత్రం గుబురుగా ఉండేవారి సంగతి పూర్తిగా వేరు. పైన చెప్పిన టెక్స్చరైజింగ్ అసలు ఉద్దేశించింది వీరికే. పెడతల దగ్గరా చెవుల వెనకా లోపలి పొరల్లో బరువు తీయిస్తే పై పొర తేలికపడి పైకి లేస్తుంది. థిన్నింగ్ కత్తెర వాడినా ఇక్కడ ఇబ్బంది లేదు, కాకపోతే కుదుళ్ళనుంచి కనీసం నాలుగు వేళ్ళ దూరం వదిలి, పాయ మధ్యనుంచి కిందికి మాత్రమే వాడాలి. కుదుళ్ళ దగ్గర వాడితే అక్కడ తెగిన పొట్టి వెంట్రుకలు పెరుగుతూ పై పొరలోంచి ముళ్ళలా పొడుచుకువస్తాయి. కొన్నేళ్ళ క్రితం ఒక పార్లర్‌లో, నేను వారించేలోపే, పాపిట పక్కనే ఆ కత్తెర రెండుసార్లు పడింది. ఆ వెంట్రుకలు చెవి దాకా పెరిగి మిగతా జుట్టులో కలవడానికి ఏడాది దాటింది. అప్పటినుంచి కత్తెర పడేలోపే అది ఏ కత్తెరో అడుగుతున్నాను.

ఉంగరాల జుట్టువారు, విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఎక్కువైన తీరప్రాంతాలవారు రేజర్‌ను దూరం పెట్టడం మంచిది. రేజర్ కొసను ఏటవాలుగా చీలుస్తుంది. ఆ కొసలు తేమ తగిలినప్పుడు రేగి, ఒత్తుదనానికి బదులు చెదిరిన జుట్టును మిగులుస్తాయి. ఉంగరాలు ఆరినప్పుడు పైకి ముడుచుకుంటాయి కనుక తడి మీద రెండంగుళాలు తీసినా ఆరాక అంతకుమించి తగ్గినట్టే ఉంటుంది. అందుకే ఈ రకం జుట్టును ఆరిన స్థితిలో కత్తిరించమని అడగవచ్చు.

మన సెలూన్లలో తరచు మరుగునపడే ప్రశ్న జడది. రోజూ జడ వేసుకునేవారు, క్లిప్పు పెట్టి పూలు తురుముకునేవారు, ఆ సంగతి మొదటే చెప్పాలి. అన్నిటికంటే పొట్టి లేయర్ గడ్డం దాటి కిందికి ఉంటేనే అది జడలో ఇముడుతుంది. అంతకంటే పొట్టిదైతే మూడో పాయ దగ్గరికి వచ్చేసరికి జడనిండా కొసలు బయటికి పొడుచుకువస్తాయి. ఫోన్‌లో చూపించే ఫోటోల్లో జుట్టు విరబోసే ఉంటుంది, కాబట్టి ఆ ఫోటో చూపించి ఊరుకోకుండా, మీ జుట్టు వారంలో ఎన్ని రోజులు జడగా, ఎన్ని రోజులు ముడిగా ఉంటుందో చెప్పండి. ‘కొంచెం లేయర్స్ పెట్టండి’ అనే మాట ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. దానికి బదులు, అడుగు అంచు ఎక్కడికి రావాలో వేలితో తాకి చూపించి, పొట్టి లేయర్ ఎక్కడ మొదలుకావాలో చెప్పి, బరువు పెడతల దగ్గర తీయాలి గాని పాపిట దగ్గర తీయవద్దని చెబితే స్టైలిస్ట్‌కూ పని సులువవుతుంది.

ఇక రంగు. నల్లటి జుట్టులో కుదుళ్ళ దగ్గర ఒక సెంటీమీటరు మేర తెల్లబడితే, ఆ తెలుపు మాడు రంగులో కలిసిపోయి పాపిట ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. ఆ తెల్ల కుదుళ్ళకు రంగు పట్టిస్తే జుట్టు పెరిగినట్టే ఉంటుంది. శాశ్వత రంగులోని అమోనియా వంటి క్షారం వెంట్రుక పైపొరను తెరిచి ఉబ్బిస్తుంది. ఆ పొర తర్వాత కూడా కాస్త గరుకుగానే ఉంటుంది కనుక వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి జారకుండా నిలుస్తాయి. సన్నని వెంట్రుకవారికి రంగు వేయించుకున్న వారం జుట్టు మందంగా అనిపించడానికి కారణం ఇదే. అయితే వేసిన రంగునే మళ్ళీ మళ్ళీ కొసల దాకా లాగితే ఆ గరుకుదనమే ఎండుగడ్డిగా మారుతుంది.

షేడ్ ఎంచుకునేటప్పుడు కార్డు మీది అంకెలు చూడండి. చుక్కకు ముందున్న అంకె రంగు గాఢతను చెబుతుంది: 1 అంటే నలుపు, 3 ముదురు గోధుమ, 4 మధ్యరకం గోధుమ, అలా పెరిగేకొద్దీ లేతబడి 10 దగ్గర బాగా లేత రంగు వస్తుంది. చుక్క తర్వాతి అంకె ఛాయను చెబుతుంది, దాని అర్థం కంపెనీనిబట్టి మారుతుంది. మనలో చాలామందికి సహజమైన రంగు 1 నుంచి 3 లోపే ఉంటుంది. నలభై దాటి జుట్టు పలుచబడినవారు 1 వేయించుకోవడం నాకు నచ్చదు. కాటుకలాంటి ఆ నలుపు పక్కన మాడు మరింత తెల్లగా మెరుస్తుంది, జుట్టంతా ఒకే అతుకులా కనిపిస్తుంది. 3 గాని, తెలుపు సగానికి మించితే 4 గాని ఎంచుకుంటే మాడుకూ జుట్టుకూ తేడా తగ్గుతుంది, తెల్ల కుదుళ్ళు మళ్ళీ బయటపడినప్పుడు కూడా గీత గీసినట్టు ఉండదు. ముఖం చుట్టూ నాలుగైదు సన్నని పాయలను ఒక స్థాయి లేతగా చేయిస్తే వెలుగునీడలు ఏర్పడి లేయర్స్ స్పష్టంగా కనిపిస్తాయి. అది ఇష్టమున్నవారికే, తప్పనిసరి కాదు.

ఇప్పటికే నల్లరంగు వేసిన జుట్టు మీద 4 వేస్తే అది లేతబడదు. రంగును రంగు తీయలేదు, దానికి బ్లీచ్ వంటిది కావాలి. అందువల్ల నలుపునుంచి గోధుమకు మారదలచినవారు కొత్తగా పెరిగిన కుదుళ్ళకు మాత్రమే కొత్త షేడ్ వేయించుకుంటూ, పాత నలుపును ట్రిమ్‌లలో కొద్దికొద్దిగా పోగొట్టుకోవడమే జుట్టుకు క్షేమం. ఇందుకు ఓపిక కావాలి.

జుట్టు చరిత్ర కూడా దాచకూడదు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి అంతకంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జుట్టు కొసలో నాలుగైదేళ్ళ క్రితం పెట్టుకున్న గోరింటాకు పొడి ఇంకా ఉందన్నమాట. కల్తీలేని గోరింటాకు వెంట్రుకకు ఎర్రటి పూత ఇస్తుంది. దానిమీద గోధుమరంగు వేస్తే ఎరుపు తొంగిచూస్తుంది. గోరింటాకు తర్వాత నీలిమందు ఆకు పొడి పెట్టినవారు బ్లీచ్ చేయిస్తే పచ్చటి ఛాయ రావచ్చు. ‘నల్ల హెన్నా’ పేరుతో దొరికే పొడుల్లో చాలావాటిలో గోరింటాకు పేరుకే ఉంటుంది, నలుపునిచ్చేది పీపీడీ అనే రసాయనం. కొన్నిటిలో లోహ లవణాలుంటాయి. అవి రంగులో కలిపే పెరాక్సైడ్‌తో కలిస్తే వేడి పుట్టి జుట్టు తెగిపోవచ్చు. ఏ పొడి వాడారో గుర్తులేకపోతే, దువ్వెనలో రాలిన జుట్టును ముందుగా తీసుకెళ్ళి దానిమీద రంగు కలిపి చూడమని అడగండి.

అలర్జీ పరీక్షను మాత్రం ఎవరూ వదిలిపెట్టకూడదు. రంగు వేయించుకునే 48 గంటల ముందు చెవి వెనక గాని మోచేతి మడత లోపల గాని కొంచెం రాసి చూడాలని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, కాని చాలా పార్లర్లలో అది జరగదు. కాబట్టి రెండు రోజుల ముందే వెళ్ళి పరీక్ష చేయించుకుని రండి. పదేళ్ళుగా వాడుతున్నవారికి కూడా పీపీడీ ఒక్కసారిగా పడకపోవచ్చు. దురద, ఎర్రబారడం, కనురెప్పల వాపు కనిపిస్తే ఆ రంగును ఇక ముట్టకూడదు. అమోనియా లేదని రాసిన డబ్బాలో పీపీడీ లేనట్టు కాదు, ఆ సంగతి పదార్థాల జాబితాలో చూడాలి. కనుబొమలకు ఈ రంగు ఎప్పుడూ వాడరాదు.

రంగు వేయించుకునే రోజు ఉదయం తలస్నానం చేయకండి. ముందురోజు షాంపూ చేసి, నూనె పెట్టకుండా వెళ్ళండి. మాడు మీద సహజంగా ఊరే కొద్దిపాటి జిడ్డు రంగు మంటను తగ్గిస్తుంది, కొబ్బరినూనె ముద్దగా ఉంటే రంగు సరిగా పట్టదు. ముందు రంగు, తర్వాత కత్తెర అనే వరుస ఎంచుకోవాలి. కత్తిరింపు కోసం ముందే తల కడిగితే ఆ జిడ్డు పోతుంది. రంగు తర్వాత ఎటూ కడగాలి కనుక ఆ తడి మీదే కత్తిరింపు మొదలుపెట్టవచ్చు. లేత పాయలు కూడా చేయించుకునేవారికి మాత్రం ముందు కత్తిరింపు జరిగితేనే ఏ పాయ ఎక్కడ పడుతుందో తెలుస్తుంది.

రంగు కలిపేటప్పుడు డెవలపర్ (రంగుతో కలిపే పెరాక్సైడ్ ద్రవం) బలం అడగండి. 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, 20 అంటే 6 శాతం, 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం. తెల్లజుట్టు కప్పడానికి 6 శాతం సరిపోతుంది, కుదుళ్ళ దగ్గర 12 శాతం ఎందుకూ పనికిరాదు. నుదుటి అంచునా చెవుల మీదా వాజెలిన్ రాయించుకోండి. తలను నాలుగు భాగాలు చేసి, తెలుపు ఎక్కువగా ఉండే కణతలు, పాపిట దగ్గర మొదలుపెట్టి, అర సెంటీమీటరు మందాన పాయలు తీస్తూ, కొత్తగా పెరిగిన భాగానికి మాత్రమే బ్రష్‌తో పట్టించాలి. పాత రంగు మీదికి పాకకుండా చూడటంలోనే టచప్ నేర్పు తెలుస్తుంది. కంపెనీ చెప్పిన సమయం, సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు, పూర్తిగా ఉంచాలి. తొందరపడి ముందే కడిగితే కణతల తెలుపు వారంలోనే తిరిగి కనిపిస్తుంది. కొసలు వెలిసిపోయి ఉంటే, కడిగే ముందు అయిదు నిమిషాలు కొద్దిగా నీళ్ళతో రంగును పలుచన చేసి కిందికి లాగితే చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి.

కత్తిరింపులో పొడవు, లేయర్స్ తడి మీద తేల్చినా, టెక్స్చర్ పని జుట్టు ఆరాకే చేయమని అడగండి. తడి జుట్టు బరువుగా వేలాడుతుంది కనుక ఎక్కడ ఎంత తీయాలో తెలియదు. తల ముందుకు వంచి కుదుళ్ళకు ఎదురుగా డ్రయర్ పట్టి ఆరబెట్టాక, ఎక్కడ అణిగి ఉందో చూసి, అక్కడి లోపలి పాయలో మాత్రమే కొంచెం తీసి, మళ్ళీ దువ్వి చూడటం మంచి స్టైలిస్ట్ పద్ధతి. డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయండి: చేతి అద్దంతో పెడతల చూసుకోండి, పాపిటను అవతలి పక్కకు మార్చి చూడండి, ఒక జడ అల్లి చూడండి. ఎక్కడైనా కొస పొడుచుకువస్తే ఆ కుర్చీలో ఉండగానే సరిచేయించుకోవచ్చు. వీటితోపాటే స్మూతెనింగ్, కెరాటిన్ కూడా చేయిస్తామంటే వద్దనండి. అవి జుట్టును నెత్తికి అంటించేవి, మీరు వచ్చింది అందుకు విరుద్ధమైన పనికోసం.

ఇంట్లో రెండు రోజుల వరకు తల కడగకండి. తర్వాత సల్ఫేట్ లేని షాంపూను మాడుకు, కండిషనర్‌ను చెవుల కిందినుంచి కొసలకు మాత్రమే రాయండి. బోరునీటి ఉప్పుదనం జుట్టును బిరుసుచేసి రంగును మసకబారుస్తుంది. హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్లలో ఇదే నీరు కాబట్టి ఆఖరి చెంబు మంచినీళ్ళు పోసుకోగలిగితే మంచిది. నూనె మానక్కరలేదు, తలస్నానానికి గంట ముందు కొసలకు రాస్తే చాలు. ఆరబెట్టేటప్పుడు తల వంచి, కుదుళ్ళను వేళ్ళతో విడదీస్తూ గాలి తగలనివ్వండి. వెనకటి రోజుల్లో అమ్మమ్మలు తలంటి, తల వంచి, బుట్ట కింద సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టినప్పుడు జుట్టు అంత ఉబ్బుగా ఉండటానికి పొగ కంటే ఆ వంపే కారణమని నా అనుమానం. పాపిటను రెండు మూడు వారాలకోసారి కొద్దిగా జరపడం వల్ల కూడా కుదుళ్ళు ఒకే వైపుకు అణిగిపోవు.

కుదుళ్ళ రంగు నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్ళీ అవసరమవుతుంది. మధ్యలో పెళ్ళీ పేరంటమూ వస్తే తల మొత్తానికి వేయించకుండా పాపిటకూ కణతలకూ మాత్రమే వేయించుకోవచ్చు, లేదా కుదుళ్ళకు అద్దే రంగు పొడితో ఆ పూట గడపవచ్చు. భుజాల వరకున్న జుట్టును ఎనిమిది పది వారాలకు, అంతకంటే పొడవైనదాన్ని మూడు నెలలకు ట్రిమ్ చేయించాలి. ట్రిమ్‌కు వెళ్ళిన ప్రతిసారీ టెక్స్చర్ చేయించకూడదు. రెండుసార్లు అంచు మాత్రమే సరిచేయించి, మూడోసారి లోపలి పాయలు చూడమనండి, లేకపోతే ఏడాది తిరిగేసరికి కొసల్లో జుట్టే మిగలదు. షేడ్ అంకె, కంపెనీ పేరు, డెవలపర్ బలం, ఉంచిన నిమిషాలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. సెలూన్ మారినా, ఊరు మారినా, ఆ నాలుగు వివరాలు చూపిస్తే అదే రంగు మళ్ళీ వస్తుంది.